పంపు అమ్మినవాడు బావిలోకి దిగాడు



పోయిన ఆదివారం సమావేశం ముగిసి అందరూ టీ తాగుతూ ఉంటే, ఒక తల్లి మమ్మల్ని పక్కకు పిలిచి మెల్లగా అడిగారు. "అన్నయ్యగారూ, మా వాడు ఇంజనీరింగ్ చదివాడు. రెండేళ్లు కంపెనీలో బాగానే ఉన్నాడు. ఇప్పుడు సేల్స్ ఇంజనీరు అని పోస్టు మార్చారు. సంబంధాల వాళ్లకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. సేల్స్ ఇంజనీరు అంటే ఇంజనీరేనా, లేక సరుకు అమ్ముకునేవాడా?"

"మంచి ఉద్యోగమేనమ్మా" అని అనేసి వచ్చాం. ఇంటికి వచ్చాక అది మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలుసు. నలభై ఏళ్ల కింద ఒక బావి గట్టు మీద నిలబడి కళ్లారా చూశాం. ఆ జవాబులో మా తప్పు కూడా ఒకటి ఉంది. అందుకే ఆ రోజు నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాం. పోస్టు పొడుగే. మా పోస్టులు చదివేవాళ్లకు అది కొత్త కాదు. టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు మా సంగతి రెండు మాటలు. మాది కోయంబత్తూరు పక్కన పీళమేడు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. ఎస్.ఎస్.ఎల్.సీ. దాకా లెక్కలూ సైన్సూ అన్నీ అరవంలోనే. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. రైల్వేలో గుమాస్తాగా చేరి చిత్తూరు జిల్లా వైపు పోస్టింగు పడ్డాక, స్టేషన్ బోర్డుల మీద ఇంగ్లీషు పేరు పక్కన తెలుగు పేరు పెట్టి చూసుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాం. తప్పులు రాస్తే ఎవరో ఒకరు నవ్వుతారు, దిద్దుకుంటాం. అలా వచ్చిన తెలుగు ఇది. అరవం వాసన తగిలితే సర్దుకోండి. పని చేస్తూ నేర్చుకోవడం అంటే ఏమిటో మాకు మొదట తెలిసింది ఇలాగే.

ఇక కోయంబత్తూరు కథ. మన హూడిలో ఉన్నవాళ్లలో చాలామందికి కోయంబత్తూరు అంటే పంపుసెట్లు, మిల్లులు అని తెలుసు. కానీ ఆ పట్టణంలో పరిశ్రమ పెట్టినవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లని తెలిసింది కొద్దిమందికే. విజయనగరం రోజుల్లో, ఆ తర్వాత నాయకుల కాలంలో దక్షిణానికి వెళ్లి నల్లరేగడి భూముల్లో పత్తి వేసుకుని స్థిరపడిన కుటుంబాలు అవి. వాళ్లు మొదట రైతులు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఆ సీమలో వాన తక్కువ. పడమటి కనుమల నీడలో ఉన్న నేల. బావులు రాతిలో తొలిచినవి, లోతు ఎక్కువ. ఎద్దులను కట్టి తోలు సంచితో నీళ్లు తోడేవాళ్లు. మన రాయలసీమలో కపిల అంటారు, తెలంగాణ వైపు మోట అంటారు, మా వైపు అరవంలో కవలై. బావి లోతు పెరిగే కొద్దీ ఎద్దులు నడిచే దూరం పెరుగుతుంది, పారే మడి తగ్గుతుంది. ఆ పరిస్థితిలో 1932లో నీలగిరి కొండల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. కొండ దిగువన ఉన్న కోయంబత్తూరుకు కరెంటు వచ్చింది. మిల్లులు లేచాయి. రైతు కూడా తన బావి వైపు చూసి, ఆ తీగ ఇక్కడికి కూడా వస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించాడు.

అయితే తీగ వస్తే చాలదు. మోటారు కావాలి, పంపు కావాలి. అప్పట్లో మోటార్లు విదేశాల నుంచి రావాలి. చెడిపోతే బాగుచేసేవాడు లేడు.

ఇక్కడ ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పాలి. మొదటివారు జి.డి. నాయుడు. పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. చదువు చిన్న తరగతులతోనే ఆగిపోయింది. ఒకరోజు ఒక తెల్ల అధికారి మోటారు సైకిలు చూశారు. రడ్జ్ కంపెనీ బండి. దాన్ని కొనాలని పట్టణానికి వచ్చి హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టారని ఆ ప్రాంతంలో ప్రతి ఇంట్లో చెబుతారు. కొన్న తర్వాత ఆయన చేసిన మొదటి పని ఊరేగడం కాదు. బండిని ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్లీ బిగించడం. ఆయన చదివిన కాలేజీ అదే.

1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక బస్సు వేశారు. తానే డ్రైవరు. ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. బస్సులు ఎక్కువైతే రిపేరు షెడ్డు కావాలి, షెడ్డులో పనివాళ్లు కావాలి. పని నేర్పే బడి పక్కన లేదు కాబట్టి షెడ్డే బడి అయింది. 1937లో పీళమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు బయటికి వచ్చిందని చెబుతారు. దాని వెనక జి.డి. నాయుడుగారితో పాటు డి. బాలసుందరం నాయుడుగారు ఉన్నారు. తర్వాత టెక్స్‌టూల్ అనే కంపెనీ పెట్టింది ఆయనే.

రెండో పేరు ఒక కుటుంబానిది. పీళమేడు పీ.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులు ఆస్తి పంచుకునేటప్పుడు నాలుగు భాగాలు చేయలేదు, అయిదు చేశారు. అయిదో భాగం ధర్మానికి. 1926లో అలా పుట్టింది పీ.ఎస్.జీ. అండ్ సన్స్ ధర్మసంస్థ. అదే ఏడు ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ అనే పనిబడి మొదలైంది. 1939లో పాలిటెక్నిక్, 1951లో పీ.ఎస్.జీ. టెక్ కాలేజీ వచ్చాయి. జి.ఆర్. దామోదరన్‌గారు దానికి మొదటి ప్రిన్సిపాల్.

ఈ వరస గమనించండి. ముందు పనిబడి, ఆ తర్వాత పాలిటెక్నిక్, ఆఖరుకు ఇంజనీరింగ్ కాలేజీ. ఇప్పుడు మనం దీన్ని తలకిందులు చేశాం. ముందు కాలేజీ, ఆ తర్వాత ఆరు నెలలు ట్రైనింగు, ఎప్పుడో ఒకప్పుడు పని. అక్కడ పనిబడిలో నిజంగా పోతపోసేవాళ్లు. పంపులూ మోటార్లూ తయారుచేసి బజారుకు పంపేవాళ్లు. పిల్లవాడు చేసిన వస్తువు పరీక్ష పేపరులా బీరువాలోకి వెళ్లదు. ఒక రైతు బావికి వెళుతుంది. తప్పు ఉంటే ఆ రైతు తిరిగి వస్తాడు. మార్కులు వేసేది ఆయనే.

మా చిన్నప్పుడు పీళమేడులో ఏ సందులోకి వెళ్లినా లేత్ తిరుగుతున్న చప్పుడు వినిపించేది. పట్టరై అంటాం అరవంలో, చిన్న వర్క్‌షాపు. అక్కడ కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి ఏడాది ఊడ్వడం, నూనె వేయడం, సామాన్లు అందించడం. రెండో ఏడాది ఆకురాయి చేతికి వస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో మిషను దగ్గర నిలబడనిస్తారు. ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పరు. పెద్దాయన చెయ్యి ఎలా కదులుతుందో చూసి పట్టుకోవాలి. ఎదురింటి వాళ్లబ్బాయి మాతోనే చదివి, అరవ బడి వదిలేసి పట్టరైలో చేరాడు. లోహం కోసే చప్పుడు విని పనిముట్టు మొండి అయిందని చెప్పేవాడు. మేము లెక్కల్లో వాడికంటే ముందే ఉండేవాళ్లం, కానీ ఆ చప్పుడు మాకు ఎప్పుడూ వినిపించలేదు.

ఇప్పుడు అసలు విషయం. పంపు తయారైంది. దాన్ని అమ్మేది ఎవరు?

చీరలాగా చూపించి అమ్మే వస్తువు కాదు పంపు. ఒకే పంపు ఒక బావిలో బంగారం, పక్క బావిలో పాత ఇనుము. బావి లోతెంత, నీళ్లు ఎంత కింద ఉన్నాయి, వేసవిలో ఎంత దిగుతాయి, పైకి ఎంత ఎత్తు తోయాలి, పైపు ఎంత దూరం పోవాలి, మధ్యలో ఎన్ని వంపులు, కరెంటు తీగ చివర ఓల్టేజి ఎంత మిగులుతుంది, ఇవన్నీ చూడాలి. పైగా ప్రకృతి పెట్టిన ఒక హద్దు ఉంది. పంపు నీటిని కింది నుంచి పీల్చే ఎత్తుకు పరిమితి ఉంది. లెక్క ప్రకారం సుమారు 10.3 మీటర్లు. నిజంగా పని చేసేటప్పుడు ఆరేడు మీటర్లు దాటితే కష్టం. ఎంత పెద్ద మోటారు పెట్టినా ఆ హద్దు మారదు. అందుకే మా వైపు లోతు బావుల్లో పంపును గట్టు మీద పెట్టరు. బావి లోపల రాతి మెట్టు మీద, నీటికి దగ్గరగా దించి పెడతారు. నీటిలోనే మునిగి పనిచేసే మోటార్లు తర్వాత వచ్చాయి.

ఈ హద్దు సంగతి పుస్తకాలకంటే ముందే పనివాళ్లకు తెలుసు. 1638లో అచ్చయిన గెలీలియో గ్రంథంలో ఒక పంపు పనివాడి ప్రస్తావన వస్తుంది. పంపు చెడిపోలేదు, ఇంత లోతు దాటితే ఏ పంపూ నీళ్లు ఎక్కించలేదు అని ఆ పనివాడే చెబుతాడు. ఎందుకో అతనికి తెలియదు, గెలీలియోకూ సరిగ్గా అంతుపట్టలేదు. 1643లో టోరిచెల్లి పాదరసం గొట్టంతో గాలి బరువే కారణమని తేల్చాడు. చెయ్యి ముందు తెలుసుకుంది, పుస్తకం తర్వాత విప్పి చెప్పింది. రెండూ కావాలి.

కాబట్టి పంపు అమ్మాలంటే బావిలోకి దిగాలి. దిగినవాడికి పంపు లోపల ఏముందో తెలియాలి, రైతు ఇంట్లో ఏముందో కూడా తెలియాలి. పట్టరైలో పని నేర్చిన మనిషే సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాం కదా, ఈ ఫ్యాక్టరీల వాళ్లు మొదట రైతులని. రైతు ఏ మాటకు భయపడతాడో వాళ్లకు తెలుసు.

ఇది మా కోయంబత్తూరు ఒక్కదాని కథే కాదు. ఇంగ్లండులో 1775లో బౌల్టన్, వాట్ కలిసి ఆవిరి ఇంజన్ల వ్యాపారం పెట్టారు. కార్న్‌వాల్ గనుల్లో నీళ్లు తోడడానికి ఇంజన్లు కావాలి, అక్కడ బొగ్గు ఖరీదు. వాళ్లు పెట్టిన షరతు ఇది: పాత ఇంజనుతో పోలిస్తే మా ఇంజను వల్ల మీకు మిగిలే బొగ్గు ఖర్చులో మూడో వంతు మాకు ఇవ్వండి. అంటే గనివాడికి లాభం వస్తేనే వీళ్లకు డబ్బు. మాటలు చెప్పి అమ్మేసి వెళ్లిపోవడం కుదరదు. ఇంజను నిలబెట్టి, నడిపించి, గనివాళ్లతో పోట్లాడి, చెడిపోతే అర్ధరాత్రి లేచి వెళ్లే మనిషి కావాలి. 1779లో కార్న్‌వాల్‌కు వెళ్లిన విలియం మర్డాక్ అలాంటివాడు. ఉద్యోగం అడగడానికి వచ్చినప్పుడు అతని నెత్తి మీద చెక్క టోపీ ఉందట. ఇది ఎక్కడిదని బౌల్టన్ అడిగితే, తాను చేసుకున్న లేత్ మీద తానే తీశానని చెప్పాడట. ఆ జవాబుకే ఉద్యోగం వచ్చిందని చెబుతారు. అమ్మకమూ ఇంజనీరింగూ ఒకే మనిషిలో కలవడం ఇప్పుడు మొదలైన ఫ్యాషన్ కాదు. రెండు వందల నలభై ఏళ్ల పాతది.

ఇక మా తప్పు సంగతి.

1980ల మొదట్లో మేము ఒక చిన్న స్టేషన్‌లో గూడ్స్ గుమాస్తా. పేరు వద్దు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ట్రైనింగు స్కూల్లో రూల్సు పుస్తకం బట్టీపట్టి మంచి మార్కులతో పాసై వచ్చాం, ఆ పొగరు ఉంది. కోయంబత్తూరు నుంచి ఒక చెక్క పెట్టె దిగింది. లోపల పంపుసెట్టు. మర్నాడు ఒక రైతు ఎద్దుల బండి కట్టుకుని వచ్చాడు. రైల్వే రసీదు చేతిలో లేదు. పోస్టులో వస్తూ ఉంది, ఇంకా చేరలేదు.

"రసీదు లేకుండా సరుకు ఇవ్వం" అన్నాం.

"అయ్యా, పెట్టె మీద నా పేరే ఉండాది. చూడండి. వేరుశనగ పైరు ఎండిపోతా ఉండాది."

"రూలు రూలే."

రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. రసీదు రాలేదు. మళ్లీ పంపేశాం. ఈలోగా సరుకు తీసుకోనందుకు వార్ఫేజి అనే చార్జీ రోజురోజుకీ పెరుగుతోంది. అది కూడా రైతు నెత్తినే. మూడోసారి ఆయన ఒంటరిగా రాలేదు. పంపు కంపెనీ మనిషి వెంట వచ్చాడు. ముప్పై దాటిన వయసు, భుజాన ఖాకీ సంచి, అందులో స్పానర్లు, చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు. గొంతు ఎత్తలేదు. మా మాటలో కోయంబత్తూరు యాస పట్టేసి, మా ఇంటి తెలుగులోనే అన్నాడు.

"అన్నా, రసీదు లేకపోతే ఇండెమ్నిటీ నోటు రాయించుకుని సరుకు ఇవ్వొచ్చు కదా. స్టాంపు కాగితం తెచ్చినాను. ఎక్కడ సంతకం చేయాలో చెప్పన్నా."

ఆ రూలు మాకు తెలియనిది కాదు. పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే జవాబు రాశాం కూడా. కానీ ఒక్కసారి కూడా చేతితో చేయలేదు. చేయని పని అంటే భయం. ఆ భయాన్ని రూలు అనే మాట వెనక దాచుకున్నాం. రైలు రూలు పంపు అమ్మేవాడికి తెలుసు, రైలు గుమాస్తాకు చేయడం రాదు. పక్క గదిలోంచి మా పెద్ద గుమాస్తాగారు వచ్చి, మాట మాట్లాడకుండా, మా కుర్చీలో తాను కూర్చుని పది నిమిషాల్లో పని ముగించారు. వార్ఫేజి డబ్బు ఆ కంపెనీ మనిషి తన జేబులోంచి కట్టాడు.

మర్నాడు మాకు వారపు సెలవు. "రా అన్నా, నీ పెట్టె ఎక్కడికి పోయిందో చూద్దువు" అని అతనే పిలిచాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే పిలిచాడు. వెళ్లాం. బావిలో రాతి మెట్టు మీద పంపు దించారు. దించేటప్పుడు అతనూ లోపలికి దిగాడు, గట్టు మీద నిలబడి చెప్పలేదు. పైపులు బిగించారు, నీళ్లు పోసి గాలి తీశారు, స్విచ్చి వేశారు. మోటారు తిరిగింది. నీళ్లు మాత్రం సన్నగా, పిల్లవాడు ఉచ్చ పోసినట్టు వచ్చాయి. రైతు ముఖం పాలిపోయింది. ఊరివాళ్లు మోటారు మంచిది కాదన్నారు.

అతను మోటారు దగ్గర చెవి పెట్టి విన్నాడు. స్విచ్చి ఆపించి, మూడు ఫేజు తీగల్లో రెండింటిని అటుదిటు మార్చాడు. మళ్లీ వేస్తే పైపు నిండుగా నీళ్లు దూకాయి. మోటారు తిరగాల్సిన దిక్కుకు ఎదురుగా తిరుగుతోందట, అంతే. రెండు తీగలు. అది తెలియనివాడు అక్కడ ఉంటే పంపు తిరిగి మా స్టేషనుకే వచ్చేది.

తర్వాత అతను పొలం చుట్టూ తిరిగాడు, మేమూ వెంట తిరిగాం. ఒక మూల పైరు మాడిపోయి ఉంది. దాదాపు అర ఎకరం. రైతు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మజ్జిగ ఇచ్చాడు. ఆ మజ్జిగ గొంతు దిగలేదు.

ఆ మనిషి చెట్టు కింద కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాడు. బావి లోతు, నీటి మట్టం, పెట్టె మూల విరిగిన సంగతి, తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు మోటారు మీద ఇంకా పెద్దగా వేయాలన్న సంగతి. "ఇదంతా ఎందుకు?" అని అడిగాం. "పోయి షాపులో చెప్పాలన్నా. వాళ్లకు బావి కనపడదు కదా" అన్నాడు.

ఈ ఒక్క మాట కోసమే ఇంత రాశాం. చేసేవాళ్లకు బావి కనపడదు, కొనేవాళ్లకు షాపు కనపడదు. రెండూ చూసినవాడు మధ్యలో ఒకడు ఉండాలి. అటు నుంచి ఇటు మాట మోసుకుపోవాలి, ఇటు నుంచి అటు కూడా. ఒకవైపు మాత్రమే మోస్తే అతను సరుకు అమ్ముకునేవాడు. రెండువైపులా మోస్తేనే సేల్స్ ఇంజనీరు.

తర్వాతి వారం పెద్ద గుమాస్తాగారు మమ్మల్ని డెలివరీ కిటికీ దగ్గర తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. "పుస్తకం ఇంట్లో పెట్టి రా, ఆరు నెలలు నా చెయ్యి చూడు" అన్నారు. మా ఉద్యోగం నిజంగా మొదలైంది ఆ రోజే.

ఇంత చెప్పాక ఇంకోవైపు కూడా చెప్పకపోతే అబద్ధం అవుతుంది. ఆ పాత పట్టరైలను దేవుడి గుడులు చేసి చూపించడం మాకు ఇష్టం లేదు. వేలు తెగినవాళ్లు, కన్ను పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కళ్లద్దాలు, తొడుగులు లేవు. ఏళ్ల తరబడి కూలి దాదాపు లేకుండా పనిచేయించుకున్నవాళ్లున్నారు. లోపలికి అడుగు పెట్టాలంటే బంధువో, కులమో, తెలిసినవాళ్లో ఉండాలి. ఆడపిల్లలకు ఆ గుమ్మమే లేదు. పని నేర్పించడాన్ని పెద్దవాళ్ల దయ మీద వదిలేయకూడదనే 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. జి.డి. నాయుడుగారి కథలో కూడా ఒక పాఠం ఉంది. 1945లో ఆయన ప్రయత్నంతో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి, ఆయనే ప్రిన్సిపాల్. నాలుగేళ్ల కోర్సు దండగ, రెండేళ్లు చాలు అన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన రాజీనామా చేశారు. ఆయన లాంటి చేతికి రెండేళ్లు చాలేమో. అందరికీ చాలవు. టోరిచెల్లి లెక్క తెలియకపోతే మనం ఇప్పటికీ లోతు బావి గట్టు మీద పంపు పెట్టి, మోటారును తిడుతూ ఉండేవాళ్లం.

మన బెంగళూరు కూడా ఈ దారిలోనే వచ్చింది. మోక్షగుండం అని మన ఆంధ్ర ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న విశ్వేశ్వరయ్యగారి చొరవతో 1943లో ఇక్కడ జయచామరాజేంద్ర ఆక్యుపేషనల్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఆ పేరులోనే ఉంది చూడండి, వృత్తి నేర్పే చోటు అని. 1953లో జాలహళ్లిలో హెచ్.ఎం.టీ. వచ్చింది. స్విట్జర్లాండు ఓర్లికాన్ కంపెనీ సహకారంతో లేత్‌లు చేశారు. మనం రోజూ దాటిపోయే మహదేవపుర పారిశ్రామిక ప్రాంతానికి విశ్వేశ్వరయ్యగారి పేరే పెట్టారు. 1990లలో ఐటీపీఎల్ వచ్చింది. హూడి పొలాలు అపార్టుమెంట్లు అయ్యాయి. 2023లో మెట్రో కూడా వచ్చింది. లేత్ చప్పుడు పోయి కీబోర్డు చప్పుడు వచ్చింది, అంతే తేడా. ఇప్పుడు అమ్మేది పంపు కాదు, సాఫ్ట్‌వేరు. బావి మాత్రం అలాగే ఉంది. కొనేవాడి కష్టం ఎంత లోతో, నీళ్లు ఎక్కడున్నాయో ఎవరో ఒకరు దిగి చూడాల్సిందే.

ఇంత దూరం ఎందుకు, 2024 వేసవి మన సభ్యులందరికీ గుర్తుంది. బెంగళూరు తూర్పు వైపు బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం కాచుకున్నాం. మా అపార్టుమెంటులో బోరు నీళ్లు తగ్గితే ఒకాయన ల్యాప్‌టాప్ తెచ్చి, రంగు రంగు బొమ్మలు చూపించి, ఇంకా ఎక్కువ హార్స్ పవర్ మోటారు పెట్టాలన్నాడు. కమిటీ దాదాపు ఒప్పుకుంది. ఇంకో చిన్న కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. ఎవరితోనూ మాట్లాడక ముందే మోటారు వేయమంది, గడియారం చూసుకుంటూ పైపు దగ్గర నిలబడింది. కొద్ది నిమిషాలు నీళ్లు, ఆ తర్వాత గాలి. ఆపించి, గంట ఆగి, మళ్లీ వేయించింది. అప్పుడు చెప్పింది.

"అంకుల్, మోటారు బాగానే ఉంది. బోరులో నీళ్లు ఊరడం తగ్గింది. పెద్ద మోటారు పెడితే ఇంకా తొందరగా ఖాళీ చేసి, నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. ఇప్పుడు కొనొద్దు. నీళ్లు లేకపోతే తనంతట తాను ఆగిపోయే చిన్న పరికరం పెట్టించుకోండి, చాలు."

ఆ రోజు ఆ అమ్మాయికి అమ్మకం పోయింది. మా అపార్టుమెంటుకు చాలా డబ్బు మిగిలింది. ఆ తర్వాత మా ఇళ్లలో ఎవరికి ఏ పంపు పని వచ్చినా ఆమెకే ఫోను. ఆమె చేతిలో నోటుబుక్కు లేదు, ఫోనులో రాసుకుంది. మాకు మాత్రం ఆ ఖాకీ సంచి మనిషే గుర్తొచ్చాడు. పీళమేడు పట్టరైల్లో ఇలాంటి అమ్మాయికి చోటు ఉండేది కాదు. ఆ ఒక్క విషయంలో కాలం బాగుపడింది.

కాబట్టి తల్లీ, మీ ప్రశ్నకు మా జవాబు ఇది. మీ అబ్బాయి ఇంజనీరే. కాకపోతే ఆ పేరు నిలబడేది అతని చేతిలో ఉంది. అబ్బాయిని రెండు ప్రశ్నలు అడగండి. నువ్వు అమ్మే వస్తువును విప్పి మళ్లీ బిగించగలవా? కొనేవాడి కష్టం తిరిగి వచ్చి మీ ఆఫీసులో చెబితే వినేవాళ్లున్నారా? మొదటిదానికి జవాబు లేదంటే ఇంకా నేర్చుకోవాలి, సిగ్గేమీ లేదు. రెండోదానికి జవాబు లేదంటే తప్పు అబ్బాయిది కాదు, ఆ ఆఫీసు పద్ధతిది. అలాంటి చోట ఎక్కువ కాలం ఉంచకండి. ఎంత మంచి చెయ్యి అయినా అక్కడ మొద్దుబారుతుంది. రెండింటికీ ఉందంటే, సంబంధాల వాళ్లతో తల ఎత్తుకుని చెప్పండి.

చివరగా సంఘానికి ఒక మనవి. మన సభ్యుల్లో రిటైరైన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, లేత్ పనివాళ్లు ఉన్నారు. అదే హాలులో ల్యాప్‌టాప్‌లతో కూర్చునే పిల్లలూ ఉన్నారు. పండుగ సమావేశాల్లో పాటలూ భోజనాలూ సరే, నెలకు ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు పాత మోటారు ఒకటి మధ్యలో పెట్టి విప్పుదాం. అమ్మాయిలూ అబ్బాయిలూ అందరూ రావాలి. మొదటి మోటారు మా అపార్టుమెంటు నుంచి మేము తెస్తాం, కమిటీ ఒప్పుకుంది. విప్పడం మాకు రాదు, మేమూ నేర్చుకోవడానికే వస్తాం.

మీ ఇళ్లలో ఎవరైనా పట్టరైలో, వర్క్‌షాపులో, షెడ్డులో పని నేర్చుకున్నవాళ్లుంటే, వాళ్లకు నేర్పినవాళ్లు ఎవరో కింద రాయండి. ఆ అర ఎకరం వేరుశనగ రైతు ఇప్పుడు ఉన్నారో లేదో, ఉంటే మాత్రం మమ్మల్ని క్షమించాలి.

సెలవు.